రత్తయ్య మేస్త్రి జామీను

రత్తయ్య మేస్త్రి చనిపోయిన తరవాత నలుగురికి జామీను ఉన్నాడు. ఆ నలుగురూ బాకీ ఎగ్గొట్టారు. ఈ సంగతి ఆయన కూతురు హారికకు విజయవాడ ఆటోనగర్ స్థలాల ఆఫీసులో తెలిసింది.

వాళ్ళ లారీ రిపేరు షెడ్డు లీజు ఉగాదితో ముగుస్తుంది. తిరిగి రాయించుకోవాలంటే క్రెడిట్ రిపోర్టు మీద మచ్చ ఉండకూడదని ఆ ఏడాదే కొత్త నిబంధన పెట్టారు. హారిక ఎప్పుడూ వాయిదా తప్పలేదు. అందుకని ధీమాగానే వెళ్ళి గుమస్తా ముందు కూర్చుంది.

"మీ పేరు మీద నాలుగు మచ్చలున్నాయమ్మా," అన్నాడు గుమస్తా.

"నా పేరు మీద అసలు లోనే లేదండీ."

"లోను కాదు, జామీను. నాలుగు లారీలకి. నాలుగూ మొండి బాకీలే."

"నేనెవరికీ సంతకం పెట్టలేదు."

"మీరు పెట్టలేదు. చిట్టూరి రత్తయ్య గారు మాట జామీను ఇచ్చారు. ఆయన ఫోను గొంతు ఇప్పుడు మీ పేరు మీద నడుస్తోంది. కాబట్టి మచ్చ మీకొచ్చింది."

"ఆయన మా నాన్న. పోయి మూడేళ్ళు దాటింది."

గుమస్తా కళ్ళజోడు తీశాడు. "మేస్త్రి గారు పోయారా? మొన్న మా బావమరిది బండి గురించి ఫోన్ చేస్తే మాట్లాడారే!"

"మాట్లాడతాడండీ. అదే వచ్చిన చిక్కు."

గుమస్తా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత గొంతు తగ్గించి, తెలిసినవాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. మచ్చ పోవడానికి మూడే దార్లున్నాయి. బాకీలు కట్టేయొచ్చు. కట్టినా, ఎగ్గొట్టి కట్టినట్టు రిపోర్టులో ఉంటుంది. లేదా ఏడేళ్ళు ఆగొచ్చు, దానంతటదే రాలిపోతుంది. లేదా ఆ నమోదే తప్పని రుజువు చెయ్యొచ్చు.

"ఏడేళ్ళు ఆగితే షెడ్డు ఉండదు," అన్నాడు. "రుజువు చేసుకోండమ్మా. మంగళగిరిలో ఆ గొంతులు తయారుచేసే కంపెనీ ఉందిగా, అక్కడికి వెళ్ళండి."

*

ఆ పరికరానికి కంపెనీవాళ్ళు పెట్టిన పేరు మారుగొంతు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. షెడ్డులో పని బెంచికి పైన, గ్రీసు డబ్బాల పక్కన దానికో అర ఉంది.

రత్తయ్య బతికుండగానే దాన్ని కొన్నాడు. లారీ కింద పడుకుని, మోచేతుల దాకా గ్రీసు పూసుకున్నవాడు ఫోను ఎత్తలేడు. ఎత్తకపోతే బేరం పోతుంది. మారుగొంతు రెండేళ్ళపాటు ఆయన పక్కనే ఉండి విన్నది. ఎవరితో ఎట్లా మాట్లాడతాడో, ఏ మాటకు ముందు దగ్గుతాడో, ఔననేముందు ఏం అడుగుతాడో నేర్చుకుంది. ఆ తరవాత ఫోన్లు అదే తీసుకుంది. స్పేరు పార్టుల షాపువాడితో తన గొంతు తగువాడుతుంటే రత్తయ్య లారీ కింద పడుకుని వినేవాడు.

"నాకంటే వాడే గట్టోడు లేవే," అని నవ్వేవాడు.

రత్తయ్య గుండెపోటుతో పోయాడు. దినవారాలు అయ్యాక, గొంతు ఆపించాలని హారిక కంపెనీకి ఫోన్ చెయ్యబోయింది. అప్పుడే అర మీద డబ్బా మోగింది. చిలకలూరిపేట దాటాక లారీ ఆగిపోయిందని ఒక డ్రైవరు. "డీజిల్ ఫిల్టరు కింద ఉన్న నట్టు వదులు చెయ్యి. గాలి పట్టుంటది," అంది రత్తయ్య గొంతు. డ్రైవరు వదులు చేశాడు. బండి స్టార్టయింది. అవతలి నుంచి ఆ చప్పుడు షెడ్డంతా వినపడింది.

మస్తాన్ వలీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా రత్తయ్య దగ్గర పనిచేశాడు. హారికను ఎత్తుకుని తిప్పినవాడు.

"ఉండనియ్యమ్మాయ్," అన్నాడు. "ఎవరికి అడ్డం?"

ఆ గొంతుకు నెలనెలా కట్టే చందాను హారిక తన పేరుకు మార్పించింది. రత్తయ్య చనిపోయిన సంగతి ఆ గొంతుకు ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని ఎవరూ అనుకోలేదు కూడా. రోజూ పొద్దున్నే మస్తాన్ షట్టరు ఎత్తి అర వైపు తిరిగేవాడు.

"అన్నా, షెడ్డు తెరిచాం."

"టీలు తాగారా?"

"తాగాం."

"హారిక?"

"ఇప్పుడే వచ్చింది."

"ఏం తినకుండా వచ్చుంటది. ఇడ్లీ తెప్పించు."

ఆ మాట మీద మస్తాన్ ఇడ్లీ తెప్పించేవాడు. తినొచ్చానని హారిక చెప్పినా వినేవాడు కాదు. మూడేళ్ళుగా ఆమె రోజూ రెండు టిఫిన్లు తింటోంది.

ఈ మధ్యలో ఆటోనగర్ మారిపోయింది. డీజిల్ లారీలను రోడ్డు మీదికి రానివ్వడం మానేశారు. ఇంజన్లు పీకి మోటార్లు, బ్యాటరీలు బిగించడమే ఇప్పుడు షెడ్లలో పని. హారిక ఆ పని నేర్చుకుని షెడ్డును నిలబెట్టింది. వీధిలో ఒకప్పుడు పక్కమనిషి మాట వినాలంటే అరవాల్సి వచ్చేది. ఇప్పుడు నాలుగో షెడ్డులో రేడియో ఇక్కడికి వినపడుతుంది. ఆ నిశ్శబ్దంలో రత్తయ్య గొంతు ఒక్కటే పాత పద్ధతిలో, పక్కన ఇంజన్ తిరుగుతున్నట్టు గట్టిగా మాట్లాడేది.

*

మంగళగిరి వెళ్ళే బస్సులో హారికకు జామీన్ల రోజులు గుర్తొచ్చాయి.

ఆమె చిన్నప్పుడు లారీ కొనేవాడికి ఫైనాన్సు కావాలంటే ఆస్తి కాగితాలకంటే ముందు మేస్త్రి మాట అడిగేవాళ్ళు. మేస్త్రి ఔనంటే డబ్బు వచ్చేది. మాట ఇవ్వమని వచ్చినవాడిని రత్తయ్య ఊరు, పేరు, కులం అడిగేవాడు కాదు. "ఇప్పుడు నడుపుతున్న బండి తీసుకురా," అనేవాడు. స్టార్ట్ చేయించి బానెట్ ఎత్తించేవాడు. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. టాపెట్ల చప్పుడు, బేరింగు చప్పుడు, నాజిల్ డీజిల్ చిమ్మే చప్పుడు వేటికవి విడదీసి వినేవాడు.

"బండిని చూసుకునేవాడు బాకీని చూసుకుంటాడు," అన్నది ఆయన లెక్క.

ఆ లెక్క అన్నిసార్లూ నిలవలేదు. నూజివీడు నుంచి వచ్చినవాడొకడు ఇంజన్‌ను అద్దంలా పెట్టుకుని మరీ పరారయ్యాడు. ఆ బాకీకి హారిక తల్లి సరోజిని గాజులు పోయాయి. ఆ సాయంత్రం ఆమె టీ గ్లాసు మొగుడి ముందు ఠపీమని పెట్టింది.

"ఊరందరికీ నువ్వుంటావు. రేపు మనకెవరుంటారు?"

రత్తయ్య జవాబు చెప్పలేదు. టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు. పదేళ్ళ హారిక గడప మీద కూర్చుని జవాబు కోసం చూసింది. సరోజిని పోయేదాకా ఆ ప్రశ్న ఆ ఇంట్లో అట్లాగే ఉండిపోయింది.

*

కంపెనీలో ఆమెను పరీక్షల గదిలో కూర్చోబెట్టారు. పరీక్షలు చేసే ఇంజనీరు పేరు యశస్విని. ముప్పై దాటని అమ్మాయి. టేబుల్ మీద ఒక తెర, రెండు స్పీకర్లు తప్ప ఇంకేం లేవు.

"రూలు ఒకటే మేడమ్," అంది యశస్విని. "ఆ మనిషి అనని మాట మారుగొంతు అన్నదనుకోండి, తప్పు మాది. ఆ బాకీలు మేం తీసుకుంటాం, మీ రిపోర్టులో మచ్చలు తీయిస్తాం. ఆ మనిషి అనే మాటే అన్నదనుకోండి, అది ఆయన ఇష్టప్రకారం జరిగినట్టు. మచ్చలు మీకే ఉంటాయి."

"అది ఎట్టా తేలుస్తారు?"

"మేం పరీక్ష చేస్తాం. ఆయన్ని ఎరిగినవాళ్ళుగా మీరో వాంగ్మూలం ఇవ్వాలి. 'ఈ మాటలు మా నాన్నవి కావు' అని."

హారిక ఆ వాక్యాన్ని తెర మీద చూసింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ముందు వినిపించమ్మా," అంది.

మొదటి ఫోను గన్నవరం నుంచి వచ్చింది.

"మేస్త్రి గారూ, బండి మారుస్తున్నానండీ. పెద్దది తీసుకుంటున్నా. మీ మాట కావాలి."

"ఇప్పుడు నడిపేది ఎక్కడుంది?"

"ఇదిగో, పక్కనే ఉందండీ."

"స్టార్ట్ చేసి ఫోను బానెట్ మీద పెట్టు."

ఒక మీట నొక్కిన చప్పుడు వచ్చింది. తరవాత ఏమీ లేదు. దూరంగా కాకి అరిచింది.

"చేశావా?"

"చేశానండీ. ఆన్‌లోనే ఉంది."

మళ్ళీ ఏమీ లేదు. తరవాత రత్తయ్య ఊపిరి వదిలాడు.

"అబ్బ, ఎంత బాగా పెట్టుకున్నావురా! టాపెట్ చప్పుడు లేదు, నాజిల్ చప్పుడు లేదు. ఇట్టాంటి బండి నా జన్మలో వినలేదు. సరే పో, నేనుంటా."

హారికకు నవ్వు ఆగలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. యశస్విని కూడా నవ్వింది. రెండో ఫోను, మూడో ఫోను విన్నారు. అన్నీ బ్యాటరీ బండ్లే. ప్రతిసారీ కాకో, ఫ్యానో, ఎవరిదో దగ్గో వినపడింది. ప్రతిసారీ రత్తయ్య మురిసిపోయాడు. నాలుగోది వచ్చేసరికి హారిక నవ్వడం లేదు.

"కాదన్నవి కూడా ఉన్నాయి మేడమ్," అంది యశస్విని. "అన్నీ నిషేధానికి ముందువి, పాత డీజిల్ బండ్లు. ఏదో ఒక చప్పుడు పట్టుకుని కాదన్నారు. బ్యాటరీ బండి వినిపించినవాళ్ళు ఎవరైనా సరే, ఔనన్నారు. వాళ్ళలో ఎక్కువమంది కడుతూనే ఉన్నారు. ఈ నలుగురే ఎగ్గొట్టారు."

"బాకీ వసూలువాళ్ళు ఒక్కసారన్నా నాకు ఫోన్ చెయ్యలేదే?"

"చేశారు. రత్తయ్య గారి నంబరుకి. ఆయనే మాట్లాడారు." యశస్విని ఇంకో ముక్క వినిపించింది.

"కడతాడు లేవయ్యా," అంటోంది గొంతు. "బండి అంత బాగా పెట్టుకున్నవాడు బాకీ ఉంచుకుంటాడా? కంగారుపడబాక. టీ తాగి వెళ్ళు."

ఫోన్లో ఉన్నవాడిని టీ తాగి వెళ్ళమనడం ఆయన బతికున్నప్పటి అలవాటే. హారిక సంతకం చోటు వంక మళ్ళీ చూడలేదు.

"మేడమ్, ఇంకో పని చెయ్యొచ్చు," అంది యశస్విని. "దీన్ని సరిదిద్ది చూద్దాం. చప్పుడు లేకపోతే మంచి బండి అనుకుంటోంది కదా. చప్పుడు లేకపోతే ఏమీ తెలియనట్టే అని నేర్పిస్తాం. పని చేస్తే లోపం ఉండేదని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. మీ మచ్చలు పోతాయి. గొంతూ మీ దగ్గరే ఉంటుంది."

షెడ్డూ ఉంటుంది, గొంతూ ఉంటుంది. తిరుగు బస్సులో హారిక మస్తాన్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది.

*

సరిదిద్దిన గొంతును యశస్విని మరో డబ్బాలో పెట్టుకుని షెడ్డుకు తెచ్చింది. పాతదాన్ని ఆపి, దాని పక్కనే పెట్టింది.

"అన్నా, షెడ్డు తెరిచాం," అన్నాడు మస్తాన్.

"టీలు తాగారా?"

"తాగాం."

"హారిక?"

అంతా మునుపటిలాగే ఉంది. మస్తాన్ మొహం విప్పారింది. ఇప్పుడు జామీను అడగమని యశస్విని సైగ చేసింది.

"అన్నా, మా అల్లుడు బండి తీసుకుంటున్నాడు. నువ్వు మాటివ్వాలి."

"స్టార్ట్ చెయ్యి."

షెడ్డులో ఉన్న బ్యాటరీ లారీ ఎక్కి మస్తాన్ మీట నొక్కాడు.

"ఏం వినపడట్లేదు," అంది గొంతు.

"ఆన్‌లోనే ఉందన్నా."

"వినపడందానికి నేనుండను. ఇంకెవరినన్నా అడుక్కో."

మస్తాన్ లారీ దిగి అర దగ్గరికి వచ్చాడు. "అన్నా, నేను. మస్తాన్ని."

"మస్తానయితే? వినపడట్లేదని చెప్పాగా."

యశస్విని తన తెర మీద ఏదో గుర్తు పెట్టుకుంది. ఆమె లెక్క ప్రకారం పరీక్ష నెగ్గింది.

మస్తాన్ బెంచి మీద కూర్చున్నాడు. ఆయన ఆటోనగర్ వచ్చినప్పుడు చేతిలో ఒక పానా తప్ప ఏమీ లేదు. పనిముట్లు అప్పివ్వడానికి షాపువాడు జామీను అడిగాడు. రత్తయ్య అప్పటికి ఆయన్ని చూసి వారం కాలేదు. వినడానికి బండి కూడా లేదు. "నీ దగ్గర ఏముందో అదే చూపించు," అన్నాడు. మస్తాన్ పానా చూపించాడు. రత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, దవడ మీద తుప్పు లేదని చూసి, "నేనుంటా," అన్నాడు. ఈ కథ మస్తాన్ షెడ్డులో చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు చెప్పలేదు.

"ఈయన మంచోడే అమ్మాయ్," అన్నాడు చివరికి. "తెలివైనోడు కూడా. మనకి తెలిసినాయన కాదు."

హారిక యశస్విని వైపు తిరిగింది. "పాతది అట్టాగే ఉంచుకుంటే?"

"లోపం ఉందని తేలాక నడవనివ్వరు మేడమ్. లోపం లేదంటే ఉంచుకోవచ్చు. అప్పుడు మచ్చలూ ఉంటాయి."

"మచ్చలుంటే షెడ్డు పోతుంది."

"అవును మేడమ్."

"షెడ్డు పోయాక ఈ అర ఎక్కడ పెట్టుకుంటానమ్మా?"

యశస్విని తన తెర మూసేసింది. రేపు పొద్దున వస్తానని చెప్పి వెళ్ళింది.

*

షెడ్డు వెనక తాటాకు పాక కింద ఒక డీజిల్ లారీ ఉంది. రత్తయ్య తన చేత్తో మొదట బాడీ కట్టిన బండి. చేతులు మారి మారి చివరికి తుక్కు కింద అమ్మకానికొస్తే ఆయనే కొనుక్కున్నాడు. రోడ్డెక్కే హక్కు దానికి లేదు. నెలకోసారి మస్తాన్ దాన్ని స్టార్ట్ చేసి ఆపుతుంటాడు.

మర్నాడు, బుధవారం పొద్దున, యశస్విని వచ్చేసరికి పాత డబ్బాను హారిక ఆ లారీ మడ్‌గార్డు మీద పెట్టుకుని ఉంది. దాన్ని ఆన్ చెయ్యమని అడిగింది. యశస్విని చేసింది.

"నాన్నా."

"ఏంటే? టిఫిన్ చేశావా?"

"చేశా. నాన్నా, నాకు జామీను కావాలి. షెడ్డు లీజుకి."

గొంతు కాస్త దగ్గింది. "బండి ఏది?"

"మన పాతదే."

"మస్తాన్ని స్టార్ట్ చెయ్యమను."

మస్తాన్ అప్పటికే సీట్లో ఉన్నాడు. సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ రెండుసార్లు మూలిగి మూడోసారి అందుకుంది. పాకంతా నల్లటి పొగ కమ్మింది. మడ్‌గార్డు మీద డబ్బా అదురుతుంటే హారిక చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. వీధిలో షెడ్లవాళ్ళు పని ఆపి బయటికొచ్చారు. వాళ్ళలో వయసైనవాళ్ళు అక్కడే నిలబడిపోయారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

రత్తయ్య చాలాసేపు విన్నాడు.

"మూడో నాజిల్ కారుతోంది," అన్నాడు. ఇంజన్ చప్పుడు మీద ఆ గొంతు సరిగ్గా సరిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు అరుస్తున్నాడో యశస్వినికి అప్పుడు అర్థమైంది. "టాపెట్లు లూజయినాయి. ఫ్యాన్ బెల్టు ఇవాళో రేపో తెగుద్ది. ఎవరే దీన్ని చూస్తోంది?"

"మస్తాన్ బాబాయ్."

"వాడు చెవులేమన్నా తుక్కు కింద అమ్ముకున్నాడా? నేను తిట్టానని చెప్పు."

మస్తాన్ స్టీరింగు మీద తల ఆనించాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కింద ఉన్నవాళ్ళకు తెలియలేదు.

"మరి జామీను, నాన్నా?"

ఇంజన్ తిరుగుతోంది. నాజిల్ కొట్టుకోవడం ఇప్పుడు హారికకు కూడా వినపడింది.

"నీకు జామీనేంటే పిచ్చిదానా," అంది గొంతు. "నేనే ఉన్నాగా."

హారిక కిందికి చూసింది. ఆమె చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది. కాసేపటికి మస్తాన్‌కు సైగ చేసింది. మస్తాన్ ఇంజన్ ఆపాడు.

"అమ్మా," అంది యశస్వినితో. "ఈ మాట ఆయన ఎప్పుడన్నా అన్నాడా, చూసి చెప్పగలవా?"

యశస్విని తెర మీద వెతికింది. ఆ గొంతు నేర్చుకున్న రెండేళ్ళలో రత్తయ్య అన్న ప్రతి మాటా అందులో ఉంది.

"లేదు మేడమ్. ఎవరితోనూ అనలేదు." ఆమె కొంచెం తటపటాయించింది. "ఇది కూడా లోపం కిందే రాయమంటారా?"

"వద్దు," అంది హారిక. "అది ఆయన మాటే. అమ్మకి ఆ జవాబు బాకీ ఉన్నాడు."

యశస్వినికి అర్థం కాలేదు. అడగలేదు. వాంగ్మూలం తీసి ముందు పెట్టింది. 'ఈ మాటలు మా నాన్నవి కావు' అన్న వాక్యాన్ని హారిక వేలితో చూపించింది.

"దీని కింద నేను సంతకం పెట్టను. వేరే రాసుకోవచ్చా?"

"కారణం రాసే చోటుంది. లోపం ఏమిటో మీ మాటల్లో రాయండి. అది మా పరీక్షతో సరిపోతే చాలు."

హారిక రాసింది: 'మాటలు మా నాన్నవే. చప్పుడు వినపడకపోతే ఆయన లేచి బండి దగ్గరికి వెళ్ళేవాడు. ఈ గొంతు లేవలేదు, వెళ్ళలేదు.'

యశస్విని రెండుసార్లు చదువుకుంది. "సరిపోతుంది," అంది.

"సరిదిద్దింది నాకొద్దు. తీసుకుపో. దీన్ని ఇక్కడే ఆపెయ్యి."

"ఏమన్నా చెప్తారా మేడమ్, ఆపేముందు?"

హారిక మస్తాన్ వంక చూసింది. మస్తాన్ లారీ దిగి వచ్చి డబ్బా ముందు నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు.

"అన్నా, షెడ్డు తెరిచాం," అన్నాడు.

"తెలుసులేరా, తెరవకుండానే బండి స్టార్ట్ చేశావా? ముందు ఆ నాజిల్ సంగతి చూడు."

"చూస్తా అన్నా."

యశస్విని ఆపింది.

*

రిపోర్టు ఉగాదికి ముందే మారింది. స్థలాల ఆఫీసులో గుమస్తా తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. బాకీలు లేవు. మచ్చలు లేవు. జామీన్ల గడి ఖాళీగా ఉంది.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు.

"ఊఁ," అంది హారిక. "ఎవరూ లేనట్టు ఉంది."

లీజు కాగితాలు బీరువాలో పెట్టింది. అర ఖాళీ చెయ్యలేదు. మస్తాన్ పొద్దున్నే షట్టరు ఎత్తి ఒక్క క్షణం ఆగుతున్నాడు. తరవాత ఎవరూ అడగకుండానే ఇడ్లీ తెప్పిస్తున్నాడు. మూడో నాజిల్ మార్చాడు. టాపెట్లు బిగించాడు. ఫ్యాన్ బెల్టు ఆయన ముట్టుకునేలోపే తెగింది.

ఒక రోజు పామర్రు నుంచి ఒకతను బ్యాటరీ లారీ వేసుకుని వచ్చాడు. షెడ్డు ముందు ఆపి దిగాడు. బండి వచ్చిన చప్పుడు లోపలికి వినపడలేదు. అతని చెప్పుల చప్పుడే వినపడింది.

"మేస్త్రి గారి నంబరు పలకట్లేదండీ," అన్నాడు. "ఇంకో బండి తీసుకుంటున్నా. ఆయన మాట కోసం వచ్చా."

"మేస్త్రి గారు పోయారండీ," అంది హారిక.

"అయ్యయ్యో! ఎప్పుడు?"

హారిక జవాబు చెప్పబోయి ఆగింది. మస్తాన్ చేతిలో పని ఆపి చూశాడు.

"మొన్న బుధవారం," అంది.

మస్తాన్ దిద్దలేదు. తల వంచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

వచ్చినవాడు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళాలో ఉండాలో తెలియనట్టు తన లారీ వైపు చూశాడు. హారిక బెంచి దగ్గరికి వెళ్ళి గోడ మేకు నుంచి మూరెడు స్క్రూడ్రైవరు తీసింది. పిడి మీద గ్రీసు తుడిచింది.

"బండి ఎక్కండి," అంది. "వెనక చక్రాలు జాకీ మీద లేపుతాం. మెల్లగా తిప్పండి."

"చప్పుడు రాదండీ దీనికి."

"తిప్పండి."

మస్తాన్ జాకీ వేశాడు. చక్రాలు గాల్లో తిరగసాగాయి. హారిక లారీ కిందికి దూరి స్క్రూడ్రైవరు కొన మోటారు డొక్కకు ఆనించింది. పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముందు తన నెత్తురు చప్పుడే వినపడింది. దాని వెనక, బాగా లోపల, బేరింగు తిరుగుతోంది.